కొరియన్ పగ కథలకూ చోటివ్వండి

సంపాదకులకు,

కొరియన్ సీరియల్స్ అనగానే మన పత్రికలు ప్రేమకథల గురించే రాస్తున్నాయి. అసలు చూడాల్సినవి పగ కథలు. అందులోనూ ముందు ‘ద గ్లోరీ’ చూడమంటాను. 2022 డిసెంబరులో సగం, 2023 మార్చిలో మిగతా సగం నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, మొత్తం 16 ఎపిసోడ్లు. స్కూల్లో తోటిపిల్లలు జుట్టు వంకీలు తిప్పే ఇనుప కడ్డీతో ఒళ్లు కాలుస్తుంటే, టీచరు పట్టించుకోకపోతే, కన్నతల్లే డబ్బు పుచ్చుకుని సంతకం పెట్టి వెళ్లిపోతే ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? ఆ పిల్లే కథానాయిక డాంగ్ ఉన్. పెద్దయ్యాక ఆమె కత్తి పట్టదు. ఫ్యాక్టరీలో పనిచేస్తూ చదువుకుని టీచరై, తనను కాల్చినామె కూతురి క్లాసుకే పాఠాలు చెప్పడానికి వెళ్తుంది, ఆ కాల్చినామె భర్త ఆడే బాదుక్ (నల్ల, తెల్ల రాళ్లతో బల్ల మీద ఆడే ఆట) కూడా పట్టుబట్టి నేర్చుకుంటుంది. అరుపులు లేవు, డాంగ్ ఉన్‌గా నటించిన సాంగ్ హే క్యో ముఖంలో ఆ చల్లదనం చూస్తుంటేనే టెన్షన్. కాల్చే సీన్లు మాత్రం భరించడం కష్టం, పిల్లలకు చూపించకండి. అంత బరువు వద్దనుకుంటే 2021 నాటి ‘విన్సెంజో’ ఉంది, మాఫియా లాయరు ఒక పెద్ద కంపెనీని ముప్పుతిప్పలు పెట్టే కథ, నవ్వులూ బాగానే ఉంటాయి. మీ సినిమా పేజీలో ఇలాంటివాటిపై వివరంగా రాయించండి.

– ఒక పాఠకురాలు, విజయవాడ