పాత ఫొటోలకు ఊహల రంగులు

సంపాదకుడికి,

ఈమధ్య పాత ఫొటోలకు కంప్యూటర్‌తో రంగులద్ది, ‘అప్పటి అసలు రంగుల్లో’ అని రాసి మరీ పత్రికల్లో వేస్తున్నారు. డార్క్‌రూమ్‌లో ఫొటోలు కడిగే డెవలపర్, హైపో మందుల వాసనల మధ్య బతికినవాణ్ని. ఆ ‘అసలు’ అన్న మాటతోనే నాకు పేచీ.

మొన్న మా వీధి అమ్మాయి ‘తాతగారూ, ఎంత బాగా వచ్చిందో చూడండి’ అంటూ ఫోన్ చూపించింది. 1930లలో పెళ్లయిన కొత్తలో వాళ్ల తాతమ్మ స్టూడియోలో తీయించుకున్న ఫొటో. యాప్ చీరకి నీలం పూసి, నుదుటి బొట్టును నల్లగానే వదిలేసింది. కొత్త పెళ్లికూతురికి నల్లబొట్టు ఎవరు పెడతారండీ? ఆనాడు ఫిల్ముకు బదులు వాడిన ఆర్థోక్రొమాటిక్ రకం గాజుప్లేట్లకు ఎరుపు కనబడదు. అందుకే వాటిని ఎర్రలైటు కింద నిశ్చింతగా కడిగేవారు. కుంకుమైనా, ఎర్ర పట్టుచీరైనా నల్లగానే పడేవి. అంతకుముందు ప్లేట్లకైతే నీలమే బాగా అందేది. పసుపు రాసిన ముఖం నల్లబడేది, ఆకాశం తెల్లకాగితంలా వచ్చేది. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం కొలువుకు ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్‌ది ఆ గాజుప్లేట్ల కాలమే. అలాంటి ఆకాశంలో ఆరోజు పల్చటి మబ్బులున్నాయో లేదో ప్లేటే చెప్పలేదు. కంప్యూటర్ మాత్రం మొహమాటం లేకుండా నీలం పులిమేస్తుంది. తర్వాతి పాంక్రొమాటిక్ ఫిల్ము ఎరుపునూ పట్టుకుంది గానీ, ఎర్రచీరా ఆకుపచ్చ అంచూ ఒకే బూడిదరంగులో కలిసిపోవడం మామూలే. పోయిన రంగు నెగటివ్‌లో ఎక్కడా దాగి ఉండదు.

రంగులద్దడం కొత్తేం కాదు, మా స్టూడియోల్లోనూ చేసేవాళ్లం. కాకపోతే అడిగి చేసేవాళ్లం. ‘చీర మెరూన్, అంచు చిలకాకుపచ్చ, ముక్కుపుడక ఎర్రరాయి’ అని ఆర్డర్ కవరు మీద రాసుకున్నాకే బ్రష్షు ముట్టేది.

ఆ తాతమ్మ అసలు ఫొటో తెప్పించుకుని చూశాను. ఒక చెంపమీద పక్కనుంచి పడ్డ వెలుగు మెడ దాకా జారి, నీడలో సన్నగా కలిసిపోయింది. జరీ పోగులు లెక్కపెట్టవచ్చు. బెరుకుతో కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్న వేళ్లు చూస్తే ఆ పిల్ల వయసెంతో తెలిసిపోతుంది. యాప్ ఒళ్లంతా ఒకే గోధుమరంగు పట్టించేసరికి నా చూపు ముందు ఆ నీలం చీర మీదికే పోయింది, వేళ్లు ఆనలేదు.

మీకు నా మనవి ఒక్కటే. ఆగస్టు 15 ప్రత్యేక సంచికలో రంగులద్దిన ఫొటోలు వేస్తే కింద ‘రంగులు ఊహించినవి’ అని రాయండి. పక్కన చిన్నదైనా సరే, అసలుది వేయండి. రెండింటికీ చోటు చాలకపోతే నలుపు తెలుపుదే ఉంచండి.

– ఓ పాత స్టూడియో ఫొటోగ్రాఫర్, తెనాలి