డబ్బా మీద 88 వోల్టులు, లోపల అయిదు సెల్లులు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆయుధపూజ దగ్గర పడుతోంది. ఇప్పటినుంచి దసరా దాకా ఎక్కడ చూసినా పనిముట్ల మీద ఆఫర్లే. మదనపల్లె, కదిరి, పుంగనూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి వడ్రంగం పనిలో చేరిన పిల్లలు తొలి కూలి డబ్బులతో సొంత సామాను కొనుక్కునేది కూడా ఈ రోజుల్లోనే. పండగనాడు వాటికి పసుపు కుంకుమ పెట్టి మురిసిపోతారు. సంక్రాంతి వచ్చేసరికి వాటిలో చాలావరకు మూలన పడి ఉంటాయి. ఆ పిల్లల గురించే ఈ ఉత్తరం.

అన్నిటికన్నా ఎక్కువ మోసం బ్యాటరీ డ్రిల్లుల్లో జరుగుతోంది. డబ్బా మీద 48 అనో 88 అనో పెద్ద అంకె ఉంటుంది, పక్కన 'వీఎఫ్' అని రెండక్షరాలు. ఎవరు చూసినా వోల్టులే అనుకుంటారు. మా షాపులో కుర్రాడొకడు ఆన్‌లైన్లో అలాంటిదే తెప్పించుకున్నాడు. సాల్ చెక్క ద్వారబంధానికి మడతబందు బిగిస్తుంటే స్క్రూ సగం దిగి ఆగిపోయింది, మోటారు నుంచి కాలిన వాసన. ఆ సాయంత్రం బ్యాటరీ అడుగున ఉన్న స్క్రూలు విప్పి వాడి ముందే తెరిచాను. పది సెల్లులు పట్టే గూట్లో అయిదే ఉన్నాయి, మిగతాదంతా ఖాళీ. లిథియం సెల్లు ఒక్కోటి 3.6 వోల్టులు, అయిదూ వరసగా కలిపితే 18. నిండా ఛార్జి ఎక్కినప్పుడు సెల్లుకి 4.2 చొప్పున 21. మీటరు పెడితే అంతకన్నా కాస్త తక్కువే చూపించింది. 88 అన్న అంకెకి ఆ డబ్బాలో ఎక్కడా ఆధారం లేదు.

18 వోల్టులు తక్కువేమీ కాదు. పేరున్న కంపెనీల డ్రిల్లులు చాలావరకు అవే. అమెరికాలో '20 మ్యాక్స్' అని రాసి అమ్మే వాటిలోనూ వరసకు అయిదు సెల్లులే ఉంటాయి. బ్యాటరీ ఎంతసేపు పని చేస్తుందో తెలియాలంటే చూడాల్సింది వాట్ అవర్, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి నిండుతుందో చెప్పే అంకె. వోల్టులని బ్యాటరీ మీద రాసిన ఆంపియర్ అవర్‌తో గుణిస్తే అది వస్తుంది. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ అయితే 36 వాట్ అవర్. 4 ఆంపియర్ అవర్ అయితే 72. గుణించుకుంటే ఎవరికైనా తేలిపోయే లెక్క ఇది. ఇంకో మాట. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా ఇంకో కంపెనీ మిషనుకి ఎక్కదు. అందుకని మొదటి డ్రిల్లు కొనేముందే ఆ కంపెనీ సర్వీసు సెంటరు ఊళ్లో ఉందా, రేపు రంపం, వంపులు కోసే జిగ్‌సా కొన్నా ఇదే బ్యాటరీ పనికొస్తుందా అని అడగాలి.

డ్రిల్లుతో పోయేది డబ్బే. ఇనుము కోయడానికి, రుద్దడానికి వాడే నాలుగంగుళాల చేతి గ్రైండరుకి చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించి వాడుతున్నారే, దానితో వేళ్లు పోతున్నాయి. మా వీధిలోనే పక్క షాపు అబ్బాయికి ఎడమచేతి బొటనవేలు సగం తెగిపోయింది. వాడి వయసు తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది. గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. చెక్క మీద ఆనించి నడపడానికి దానికి అడుగున పలక లేదు, కోత మూసుకుపోయి బ్లేడు పట్టేస్తే ఆపే ఏర్పాటూ లేదు. పన్ను తగులుకుందంటే మిషను మొత్తం చేతిలోంచి ఎగిరి మీదికొస్తుంది. పెద్ద బ్లేడు పట్టాలని కొందరు బ్లేడుకి అడ్డుగా ఉండే గార్డు కూడా పీకేస్తారు. మంచి బ్లేడు మీద గరిష్ఠ వేగం అచ్చు వేసి ఉంటుంది. మిషను వేగం దాన్ని దాటితే ఆ బ్లేడు బిగించకూడదు. అసలు కోతకి సర్కులర్ రంపం ఉండగా గ్రైండరుతో చెక్క కోయనే కూడదని నా గట్టి అభిప్రాయం. మేస్త్రీలు ముందు తాము మానేస్తే పిల్లలూ మానేస్తారు.

ఉలులు, చెక్క నున్న చేసే రందాల సంగతి వేరు. వాటి మీద అంకెలుండవు, చేత్తో చూసి కొనాలి. ఇక్కడి ఎస్పీ రోడ్డు కొట్లలో ఆరు ఉలుల సెట్టు తళతళలాడుతూ కనిపిస్తుంది. నన్నడిగితే ఆ డబ్బుతో పావు, అర, ముప్పావు అంగుళాలవి మూడే మంచివి కొని, మిగిలిన దానితో సానరాయి తీసుకోమంటాను. కొట్టువాడు ఒప్పుకుంటే పదును దగ్గర ఆకురాయితో మెల్లగా రుద్ది చూడాలి. జారిపోతే ఉక్కు గట్టిది, సులువుగా కరిస్తే మెత్తది. మెత్తది టేకు మీదే మడత పడుతుంది. గట్టి ఉలినైనా సానచక్రం మీద వదలకుండా పట్టి పాడు చేసుకునేవాళ్లున్నారు. మామూలు ఉక్కు 300 డిగ్రీల దగ్గర నీలం తిరుగుతుంది. అలా తిరిగిన మొన ఇక పదును నిలపదు, ఆ మేరకు అరగదీసి పారేయాల్సిందే. క్షణక్షణానికీ నీళ్లలో ముంచుతూ పడితే ఈ బాధ లేదు. చేతిరంపాల్లోనూ పళ్ల కొనలు నల్లగా, నీలంగా ఉన్నవి మొద్దుబారితే ఆకురాయికి లొంగవు, కొత్తది కొనాలి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు రూ. 15,000, మొదటి విడతగా లక్ష వరకు 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. చేతివృత్తివాడికి అది పెద్ద సొమ్ము. ఆ అప్పు డబ్బు ఖాళీ గూళ్ల బ్యాటరీలకు పోకూడదు. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, దిగుమతి సరుకైతే ఏ దేశపుదో ప్యాకెట్టు మీద ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. అవి లేని డబ్బా ముట్టుకోవద్దు. ఇప్పటికే కొని మోసపోయినవాళ్లు బిల్లు దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే చెప్పుకోవచ్చు.

మీకొక విన్నపం. పండగ ముందు మీ పత్రికలోనూ పనిముట్ల ప్రకటనలు వస్తాయి. బ్యాటరీ మిషన్లకు అసలు వోల్టులు, వాట్ అవర్ రాయని ప్రకటన ఏదీ తీసుకోవద్దని మీ ప్రకటనల విభాగానికి చెప్పండి.

— ఒక వడ్రంగి మేస్త్రీ, కామాక్షిపాళ్య, బెంగళూరు