పరీక్ష సరే, రిపోర్టు ఎవరి చేతికి?

తమిళనాడు కార్మిక సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 40 దాటిన కార్మికులకు ఏటా చేస్తామన్న ఆరోగ్య పరీక్ష గురించి ఈ ఉత్తరం. నేను చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో ప్రెస్ షాప్ (మెషీన్ మీద లోహపు రేకులు వత్తే విభాగం) ఆపరేటర్‌ని, యూనియన్ కమిటీ సభ్యుణ్ణి. సొంతూరు నెల్లూరు జిల్లా, ముప్పై ఏళ్లుగా కాపురం పెరంబూరులో. తమిళం బాగానే మాట్లాడతాను గానీ, ఇంత పొడుగు ఉత్తరం రాయాలంటే నాకు తెలుగే దిక్కు.

నేను చేరిన కొత్తలో యూనియన్ మీటింగ్ అంటే బోనస్, ఓటీ, క్యాంటీన్. ఇప్పుడు మీటింగ్ మోకాళ్ల నొప్పులతో మొదలవుతుంది. పర్మనెంట్ వాళ్లలో ఎక్కువమందిమి 50 దాటాం. కుర్రాళ్లంతా ట్రైనీలు, కాంట్రాక్టు వాళ్లు. యూనియన్‌లో చేరితే ఉన్న పని పోతుందని వాళ్ల భయం. ఒప్పందానికి కూర్చున్నప్పుడల్లా మేం లైట్ డ్యూటీ, నైట్ షిఫ్ట్ మినహాయింపు అడుగుతాం. మేనేజ్‌మెంట్ వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) మాట ఎత్తుతుంది. దాచడమెందుకు, పోయినసారి జీతం ఇంకాస్త పెంచుతామంటే లైట్ డ్యూటీని మేమే వదిలేశాం.

2025 నవంబరు 21న కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాలు, లేబర్ కోడ్‌లు, అమల్లోకి వచ్చాయి. 40 దాటిన కార్మికులకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష అని కేంద్రం చెప్పింది. మా షాపులో సంతోషించినవాడు ఒక్కడూ లేడు, రిపోర్టు కంపెనీ చేతిలో పడుతుందని భయం. రెండేళ్ల కిందట మాతో పనిచేసే ఒకాయన డిస్క్ జారిందని డాక్టరు చీటీ తెచ్చి ఇచ్చాడు. మూడు నెలలు తిరక్కుండా వీఆర్ఎస్ మీద సంతకం పెట్టించారు. పూర్తి పింఛను వచ్చే 58 నిండడానికి ఆయనకు ఇంకా నాలుగేళ్లుంది. ముందే పీఎఫ్ పింఛను తీసుకుంటే ఏడాదికి 4 శాతం కోత. అసలు కనీస పింఛనే 2014 నుంచి వెయ్యి రూపాయల దగ్గర ఆగింది. నడుం నొప్పని నైట్ షిఫ్ట్ వద్దన్న మనిషి ఇప్పుడు ఏటీఎం దగ్గర రాత్రి కాపలా కాస్తున్నాడు.

మా ఇంటికి దగ్గర్లోనే రైల్వే కోచ్ ఫ్యాక్టరీ. అక్కడ మెడికల్‌గా అన్‌ఫిట్ అయితే చేయగలిగిన వేరే పనిలోకి మారుస్తారు, జీతం తగ్గించరు. ప్రైవేటు ఫ్యాక్టరీలో అరిగేదీ అదే నడుమే కదా సార్.

ఫ్యాక్టరీల్లో ఈ పరీక్షకు నియమాలు రాసేది మీ ప్రభుత్వమే. అందులో రెండు మాటలు చేర్చండి. పూర్తి రిపోర్టు కార్మికుడికే ఇవ్వాలి, కంపెనీకి తెలియాల్సింది అతను ఏ పని చేయగలడు, ఏది చేయలేడు అన్నంతవరకే. చేయలేని పని నుంచి తప్పించాలి గానీ, రిటైరయ్యేదాకా ఉద్యోగమూ జీతమూ కదపకూడదు.

ఆ రెండూ పడేదాకా పరీక్ష రోజున మావాళ్లు సెలవు పెడతారు. కమిటీ సభ్యుణ్ణయినా నేనూ పెడతాను.

ఇట్లు,
ఒక ప్రెస్ షాప్ కార్మికుడు,
పెరంబూరు, చెన్నై