పాత ఏసీ విప్పేటప్పుడు గ్యాసును గాలిలోకి వదలవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, మన బెజవాడలో ఒక మాట మొదలవుతుంది: ఓజోన్ పొరకు చిల్లు పడింది, అందుకే ఇంత వేడి అని. ఏసీ బిగించడానికి వెళ్లిన ఇళ్లలో చదువుకున్నవారు కూడా నాతో ఇదే అంటున్నారు. అది నిజం కాదు. ఆ చిల్లు ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అంటార్కిటికా మీద ఏర్పడుతుంది. ఓజోన్ అడ్డుకునేది వేడిని కాదు, అతినీలలోహిత కిరణాలను. చర్మ క్యాన్సర్‌కూ కంటిలో శుక్లాలకూ కారణమయ్యేవి, పైరును దెబ్బతీసేవి ఆ కిరణాలే. ఇలా చెప్పగానే, ‘అయితే అంటార్కిటికా సంగతి మనకెందుకండీ’ అంటారు. నా బాధంతా ఆ మాట దగ్గరే.

ఫ్రిజ్‌లలో చల్లదనం కోసం ఆర్-12 అనే గ్యాసు నింపే రోజుల నుంచి నేను ఈ పనిలో ఉన్నాను. ఆ గ్యాసులో క్లోరిన్ ఉంటుంది. మనుషులకు విషం కాదు, మంట అంటుకోదు, వాసన కూడా పెద్దగా ఉండదు. అందుకే ఎవరికీ దాని మీద అనుమానం రాలేదు. అది సుమారు వందేళ్లు గాలిలో చెక్కుచెదరకుండా ఉండి, మెల్లగా పైకి చేరి, అక్కడి తీవ్రమైన కిరణాలకు విడిపోయి క్లోరిన్‌ను వదులుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను నాశనం చేయగలదు. మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద చిల్లు బయటపడింది. విజయవాడలో వదిలినా వాషింగ్టన్‌లో వదిలినా ఒకటే, ఒకటి రెండేళ్లలో ఆ గ్యాసు భూమి చుట్టూ ఉన్న గాలి అంతటా కలిసిపోతుంది.

మన తలల మీద ఉన్న ఓజోన్‌నంతా నేల మీదికి తెచ్చి ఇక్కడి ఒత్తిడిలో పరిస్తే దాని మందం సుమారు మూడు మిల్లీమీటర్లే. మన ఆసరా అంతే. (లారీల పొగ మీద ఎండ పడి నేల దగ్గర పుట్టే ఓజోన్ వేరే సమస్య. అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పైన లోటును అది తీర్చదు.)

ఓజోన్‌ను దెబ్బతీసే ఇలాంటి గ్యాసులను మానుకోవాలని 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1992లో చేరింది. 2010 నాటికి ఆర్-12 వాడకం ఆగింది. నా వృత్తిలో నేను కళ్లారా చూసిన మంచి మార్పు ఇదే. ఈ కట్టుబాటు ఇలాగే సాగితే అంటార్కిటికా మీద ఓజోన్ 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రవేత్తల అంచనా. మా మనవలు పెద్దవాళ్లయ్యే కాలమది.

కానీ పని పూర్తి కాలేదు. ఆర్-12 పోయినా మన ఇళ్లలో, దుకాణాల్లో పాత ఏసీలు ఇంకా ఆర్-22 అనే గ్యాసుతో నడుస్తున్నాయి. ఓజోన్‌కు దాని హాని ఆర్-12 కంటే చాలా తక్కువ, అయినా అందులోనూ క్లోరిన్ ఉంది. పైగా భూమిని వేడెక్కించడంలో కిలో ఆర్-22 దాదాపు 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఒకటిన్నర టన్నుల పాత ఏసీలో సుమారుగా కిలో గ్యాసు ఉంటుంది. ఇల్లు మారినా, పాతది ఇచ్చి కొత్తది తీసుకున్నా, కుర్రాళ్లు వచ్చి నట్టు వదులు చేస్తారు. బుస్సుమని శబ్దం వస్తుంది, ఒకటి రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. పాత సామాను దగ్గరికి చేరినదాన్ని అక్కడ కటింగ్ ప్లయర్‌తో రాగి పైపు కోసి ఖాళీ చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేను. రోజుకు ఇన్ని ఏసీలు విప్పాలని యజమాని చెబుతాడు, ఆ గ్యాసు ఏమిటో ఎవరూ చెప్పరు.

స్ప్లిట్ ఏసీ నడుస్తున్నదైతే పద్ధతి చాలా సులువు. కంప్రెసర్‌ను నడుపుతూ బయటి యూనిట్ దగ్గరున్న సన్న పైపు వాల్వ్ మూయాలి. గ్యాసు బయటి యూనిట్‌లోకి చేరాక లావు పైపు వాల్వ్ కూడా మూసి, వెంటనే కరెంటు ఆపేయాలి. దీన్నే మేము పంప్ డౌన్ అంటాం. పది నిమిషాలు చాలు, కొత్త ఇంట్లో గ్యాసు ఖర్చు కూడా మిగులుతుంది. కంప్రెసర్ పాడైతేనో, వాల్వులు లేని విండో ఏసీ అయితేనో, గ్యాసును లాగి సిలిండర్‌లోకి పట్టే రికవరీ మెషిన్ కావాలి. అది చిన్న మెకానిక్‌లు కొనుక్కోగల వస్తువు కాదు.

అందుకే నగరపాలక సంస్థనూ కాలుష్య నియంత్రణ మండలినీ నేను కోరేది ఇది. ఊళ్లో రెండు మూడు చోట్ల రికవరీ మెషిన్లు, గ్యాసు రకానికొక సిలిండర్ చొప్పున ఉంచి మాకు అద్దెకివ్వండి. ఒక గ్యాసులో మరొకటి కలిస్తే రెండూ పాడవుతాయి కాబట్టి సిలిండర్లు వేరుగా ఉండడం ముఖ్యం. పాత ఏసీలు కొనే దుకాణాలు వాటిని ఖాళీ చేయించాకే పాత సామానుకు పంపాలని నిబంధన పెట్టండి. ఐటీఐలో చదవని కుర్రాళ్లకు ఆదివారాల్లో ఒక పూట శిక్షణ ఇస్తే, నేర్పడానికి నాలాంటి పాతవాళ్లం వస్తాం.

ఇళ్లవారు కూడా ఏసీ విప్పడానికి ఎవరు వచ్చినా, పంప్ డౌన్ చేశాకే నట్టు విప్పమని చెప్పండి.

ఒక ఏసీ మెకానిక్,
సత్యనారాయణపురం, విజయవాడ