ఇకమీదట ఒట్టి బెల్ట్ వేయం

ఆటోనగర్‌లోని మా షెడ్డుకు పోలో, వెంటో, ర్యాపిడ్ డీజిల్ బండ్లు తెచ్చే వాళ్లందరికీ ఈ మాట. ఇంజన్‌లో పిస్టన్లకూ వాల్వులకూ తాళం తప్పకుండా తిప్పే పళ్ల బెల్ట్, అంటే టైమింగ్ బెల్ట్ మార్చే పనికి ఇన్నాళ్లూ 16,500 రూపాయలు తీసుకున్నాం. ఈ నెల నుంచి 21,200. కిట్టు (బెల్ట్‌తో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, రోలర్లు, వాటర్ పంపు) లేకుండా ఒట్టి బెల్ట్ మార్చే పని ఆపేశాం. మీరు బయట కొని తెచ్చిన కిట్టు కూడా ఇక బిగించం. మూడూ ఒకేసారి వినడం కష్టమే. ఫోనులో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాం.

ముందు లెక్క. వాటర్ పంపుతో కలిపి కిట్టు 11,800. ఒక్కసారికే పనికొచ్చే బోల్టులు 900. కూలెంట్ 1,600. ఆల్టర్నేటర్, ఏసీ తిప్పే బయటి బెల్ట్ 1,400. లేబర్ 5,500. జీఎస్టీ వీటిలోనే ఉంది. పెరిగిన 4,700 మొత్తం కిట్టు, బోల్టుల మీదే. లేబర్‌లో రూపాయి పెంచలేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి బండి స్పేర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, మరి మీ దగ్గర ధర పెరగడమేమిటని కొందరు నిష్ఠూరంగా అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. తగ్గిన పన్ను 11,800లో కలిసే ఉంది. తేడా అంతా సరుకు ఎక్కడి నుంచి వస్తోందన్న దాంట్లో ఉంది.

ఇన్నాళ్లూ మాకు కిట్లు ఇచ్చింది ఏళ్లుగా పరిచయమున్న ఒక పార్టుల డీలరు. ఆయన పేరు ఇక్కడ రాయం. ఈసారి వచ్చిన లాటులో పెట్టె బాగుంది, సీలు బాగుంది, బెల్ట్ మీద అచ్చు బాగుంది, వాటర్ పంపు కూడా అసలుదే. టెన్షనర్ ఒక్కటే డూప్లికేట్. ఇలా కలిపి పంపితే పట్టుకోవడం కష్టమని తెలిసే చేసిన పని ఇది. అసలు టెన్షనర్ రోలర్‌ను వేలితో తిప్పితే లోపలి గ్రీజు పట్టి మందంగా తిరిగి కాసేపటికి ఆగుతుంది. ఇవి పొడిగా, బొంగరంలా గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. అసలుదాని మీద నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది. వీటి మీద నంబరు పెట్రోలు గుడ్డతో రుద్దితే చెరిగిపోయింది. బిగించి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. టెన్షనర్‌కు ఒక పాయింటరు, దాని వెనక ఒక గాడి ఉంటాయి. బెల్ట్ ఎక్కించి, క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇంజన్ ప్రధాన ఇరుసును) చేత్తో రెండు చుట్లు తిప్పాక కూడా పాయింటరు ఆ గాడి మధ్యలోనే నిలవాలి. వీటిలో నిలవలేదు. లోపలి స్ప్రింగుకు ఆ బలం లేదు.

డీలరును అడిగితే, ఊరంతా ఇవే వేస్తున్నారు, మీకొక్కరికే ఎందుకు తేడా వచ్చిందన్నాడు. బిల్లు మీద లాటు నంబరు రాసివ్వమంటే రాయనన్నాడు. సరుకు తిరిగి తీసుకుని డబ్బు ఇమ్మంటే, వేరే స్పేర్లలో సర్దుకోమన్నాడు. ఇన్నేళ్ల లావాదేవీ ఉన్న మనిషి ఆ మాట అన్నందుకు బాధ కలిగింది. డబ్బు పోయినదానికంటే ఎక్కువ కలిగింది. ఆ కిట్లు పెట్టెలతో సహా షెడ్డులో విడిగా పెట్టాం, ఎవరొచ్చినా చూడొచ్చు. వాటిలో ఒక్కటీ మీ బండిలో ఉండిపోలేదు. ఆ డీలరు దగ్గర బల్బు కూడా కొనం. ఇకనుంచి కిట్లు కంపెనీ అధీకృత డిస్ట్రిబ్యూటర్ నుంచి, జీఎస్టీ బిల్లు మీద వస్తాయి. పెట్టె మీది కోడ్‌ను మీ ఎదుటే ఫోనుతో స్కాన్ చేస్తాం. మీరు బయట తెచ్చిన కిట్టుకు మేం ఈ పూచీ ఇవ్వలేం, అందుకే దాన్ని బిగించం.

ఒక్క టెన్షనర్ కోసం ఇంత పట్టుదలా అనుకునే వాళ్ల కోసం కాస్త వివరం. ఈ బండ్లలోని 1.2, 1.5, 1.6 లీటర్ల టీడీఐ డీజిల్ ఇంజన్లలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌నీ డీజిల్ హై ప్రెజర్ పంపునీ వాటర్ పంపునీ తిప్పేది ఒకే బెల్ట్. బెల్ట్ తనంతట తాను తెగడం అరుదు. ఎక్కువగా టెన్షనర్ బేరింగో, బెల్ట్‌కు దారి చూపే ఐడ్లర్ రోలరో, వాటర్ పంపు బేరింగో పట్టేసి దాన్ని తెంపుతాయి, లేదా పళ్లు జారేలా చేస్తాయి. క్యామ్ ఆయిల్ సీల్ కారి నూనె పడినా, పంపు నుంచి కూలెంట్ చెమ్మ తగిలినా రబ్బరు పాడవుతుంది. ఇవి ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్లు. టైమింగ్ తప్పితే పైకి వచ్చే పిస్టన్, తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, రాకర్లు విరుగుతాయి. ఇంజన్ పైభాగంలో వాల్వులుండే హెడ్డు దించాలి, హెడ్ గ్యాస్కెట్, హెడ్ బోల్టులు కొత్తవి వేయాలి. ఖర్చు అరవై వేల నుంచి మొదలై, క్యామ్‌షాఫ్ట్ కూడా పోతే లక్ష దాటుతుంది. పాత వెంటోకు అది బండి విలువలో పెద్ద ముక్క.

ఇక మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిన నిర్ణయం, ఒట్టి బెల్ట్ ఆపేయడం. బండిని ట్యాక్సీకి తిప్పుకునేవాళ్లు, ఇంకో ఏడాదిలో అమ్మేద్దామనుకునేవాళ్లు బెల్ట్ ఒక్కటే వేయమని అడుగుతారు. లేబర్‌తో కలిపి తొమ్మిది వేల లోపు అయిపోయేది. వాళ్లను కాదనడం మాకు తేలిక కాలేదు. చేతిలో డబ్బు లేని మనిషిని పక్క షెడ్డుకు పంపినట్టే కదా అని చాలా తర్జనభర్జన పడ్డాం. అయినా పని తీరు చూస్తే వేరే దారి కనిపించలేదు. ఇంజన్ కింద జాకీ పెట్టి, కుడివైపు మౌంటింగ్ విప్పి, క్రాంకు పుల్లీ, కవర్లు తీసి, క్రాంకుకూ క్యామ్‌కూ డీజిల్ పంపుకూ తిరగకుండా పట్టే లాకింగ్ పిన్నులు పెట్టాకే బెల్ట్ చేతికి వస్తుంది. శ్రమంతా అక్కడే అయిపోతుంది. ఆ తర్వాత లక్ష కిలోమీటర్లు తిరిగిన పాత బేరింగు మీద కొత్త బెల్ట్‌ను బిగించి లాగితే, అరిగిన బేరింగు మీద భారం పెరుగుతుంది. ఆర్నెల్లకు వాటర్ పంపు కారితే మళ్లీ అదే 5,500 లేబర్, మళ్లీ కూలెంట్, మళ్లీ బెల్ట్. ఇంజనే పోతే చెప్పుకోడానికి మాట ఉండదు. అందుకని డబ్బు ఒకేసారి కట్టలేని పాత కస్టమర్లకు సగం బండి తీసుకెళ్లేటప్పుడు, మిగతా సగం రెండు నెలల్లో ఇచ్చే వీలు పెట్టాం. పని మాత్రం పూర్తిదే చేస్తాం. ఈ విషయంలో బేరం లేదు.

బోల్టుల 900 కూడా దండగ ఖర్చు కాదు. క్రాంకు పుల్లీ, ఇంజన్ మౌంటింగ్ బోల్టులను టార్క్ రెంచితో బిగించాక ఇంకొన్ని డిగ్రీలు తిప్పుతారు. అప్పుడవి సాగుతాయి. సాగిన బోల్టును మళ్లీ వాడకూడదు.

ఎప్పుడు మార్చాలంటే, మా లెక్క 90,000 కిలోమీటర్లు లేదా ఆరేళ్లు, ఏది ముందైతే అది. మన ఎండలకు, ట్రాఫిక్‌లో గంటలకొద్దీ ఐడిలింగ్‌కు ఇంతకు మించి ఆగొద్దు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి ఈ డీజిళ్లు ఆగిపోయాయి, కాబట్టి అన్నిటికంటే కొత్తదానికి కూడా గడువు వచ్చేసింది. కవరు తీసి చూసి, పగుళ్లు లేవు, ఇంకా నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇప్పటి బెల్టులు పైకి బాగానే కనిపిస్తూ లోపలి తీగలు అలసిపోతాయి.

అన్ని బండ్లకూ ఈ ఖర్చు ఉండదు. స్విఫ్ట్ 1.3 డీజిల్ (డీడీఐఎస్) ఇంజన్‌లో ఉన్నది చైన్, బెల్ట్ మార్చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాత 2.5 ఇన్నోవాలో బెల్టే, కానీ వాటర్ పంపును అది తిప్పదు కనుక ఖర్చు బాగా తక్కువ. సెకండ్ హ్యాండ్ ఇన్నోవా కొన్నవాళ్లు ఒకటి గమనించాలి. డ్యాష్‌బోర్డులో టైమింగ్ బెల్ట్ మార్చమని గుర్తుచేసే టీ-బెల్ట్ లైటు వెలగడం లేదంటే బెల్ట్ మార్చారని కాదు, బెల్ట్ ముట్టుకోకుండానే ఆ లైటును రీసెట్ చేయొచ్చు. బిల్లు చూపించమని అడగండి.

ఇంతకుముందు మా దగ్గర బెల్ట్ వేయించుకున్నవాళ్లలో ఎవరికి అనుమానం ఉన్నా ఉదయం పూట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రండి. కవరు తీసి పాయింటరు చూపిస్తాం, డబ్బు తీసుకోం. కొత్తగా వేయించుకునేవాళ్లు మూడు రోజుల ముందు ఛాసిస్ నంబరు పంపండి, కిట్టు దాన్ని బట్టే తెప్పించాలి. బండి ఒక రోజు మా దగ్గర ఉంటుంది. బిల్లు మీద లాటు నంబరు, కిలోమీటర్లు, తేదీ రాసిస్తాం, పాత బెల్టూ రోలర్లూ పంపూ మీ డిక్కీలో పెడతాం.