వెల్డర్ ట్రేడ్ ముగిసేలోగా పొజిషన్ టెస్ట్ ఐటీఐలోనే పెట్టాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చి ఐటీఐ ప్రవేశాల సందడి మొదలైన ప్రతిసారీ, వెల్డర్ ట్రేడ్‌లో చేరితే ఏడాది తిరిగేసరికి ఉద్యోగం, ఆపైన గల్ఫ్ అన్న మాట మన నగరంలో గట్టిగా వినిపిస్తుంది. జీడిమెట్ల, పటాన్‌చెరు ప్రాంతాల ఫ్యాబ్రికేషన్ షెడ్లలో నాణ్యతా విభాగంలో చాలాకాలం పనిచేసి, పని కోసం వచ్చిన కుర్రాళ్లకు ట్రేడ్ టెస్ట్ పెట్టిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అయితే చేతిలోని సర్టిఫికెట్‌కూ దొరకబోయే ఉద్యోగానికీ మధ్య పొజిషన్ టెస్ట్ అనే మెట్టు ఒకటుంది; ప్లేటునూ, పైపునూ వేర్వేరు కోణాల్లో పెట్టి అతికించి చూసే పరీక్ష అది. దాన్ని ఎక్కించే బాధ్యతను ఎవరూ తీసుకోవడం లేదన్నదే నా ఫిర్యాదు.

ఎనిమిదో తరగతి అర్హతతో ఏడాదిలో ముగిసే ఈ కోర్సు పాఠ్యప్రణాళికను తప్పుపట్టడానికేమీ లేదు. గ్యాస్ వెల్డింగ్, రాడ్‌తో చేసే ఆర్క్ వెల్డింగ్, సీఓటూ, ఆర్గాన్ వాయువులతో చేసే వెల్డింగ్ అన్నీ అందులో ఉన్నాయి. పైపు పనికీ, స్ట్రక్చరల్ పనికీ విడివిడిగా ట్రేడ్‌లు కూడా ఉన్నాయి. చిక్కంతా అభ్యాసంలోనే వస్తుంది. కాల్చిన ప్రతి రాడ్, కోసిన ప్రతి ప్లేటు, వదిలిన ప్రతి సిలిండర్ ఆర్గాన్ ఖర్చే కాబట్టి, నిధులు చాలని చోట విద్యార్థి ఏడాది పొడవునా పాత ఇనుప ముక్కల మీద, బల్లపరుపుగా పెట్టుకుని, తేలికగా వెలిగే 6013 రాడ్‌తోనే బీడ్లు (వెల్డ్ గీతలు) వేసి బయటికి వస్తాడు. అలా వచ్చిన కుర్రాడికి కంపెనీలో 7018 రాడ్ ఇచ్చి నిలువు ప్లేటు చూపిస్తే, మొదటి ప్రయత్నంలోనే రాడ్ ప్లేటుకు అంటుకుపోతుంది. హోల్డర్ విదిలించి లాగుతాడు, పూత రాలిపోతుంది, ముఖంలో రంగు మారుతుంది. ఆ రాడ్‌ను ఓవెన్‌లో వేడి చేసి ఆరబెట్టిన తరువాతే వాడాలనీ, తేమ పట్టిన రాడ్ వల్ల వెల్డ్‌లోకి హైడ్రోజన్ చేరి తరువాతెప్పుడో పగులు వస్తుందనీ పుస్తకంలో చదివే ఉంటాడు గాని, రాడ్ ఓవెన్‌ను కళ్లారా చూసిన వాళ్లు నాకు తక్కువగానే కనిపించారు.

ఈ వృత్తితో పరిచయం లేని తల్లిదండ్రుల కోసం పొజిషన్ టెస్ట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బల్లపరుపుగా ఉన్న ప్లేటును అతికితే 1జీ, నిలువుగా ఉంటే 3జీ, తలపైన ఉంటే 4జీ అంటారు. వీటన్నింటికంటే కష్టమైనది 6జీ. ఇందులో పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు, వెల్డర్ దాన్ని తిప్పుకోవడానికి వీల్లేదు. పైపు అడుగున తల పైకెత్తి రూట్ పాస్ (సందు అడుగున వేసే మొదటి వరుస) మొదలుపెట్టి, పక్కల వెంట పైకి ఎక్కి, మీది భాగంలో ముగించేలోపు చేతి కోణమూ, ఒంటి భంగిమా ఎన్నోసార్లు మారాలి, ఆర్క్ పొడవు మాత్రం మారకూడదు. లోపలి వైపు లోహం కారి వేలాడకూడదు, సందు నిండకుండా మిగలకూడదు. అంతా అయ్యాక ఆ కూపన్‌కు, అంటే పరీక్ష ముక్కకు, ఎక్స్‌రే తీస్తారు, లేదా పట్టీలుగా కోసి ‘యు’ ఆకారంలో వంచుతారు. వంచినచోట మూడు మిల్లీమీటర్లకు మించి పగులు విచ్చుకుంటే ఫెయిలే, అక్కడ సిఫారసు పనిచేయదు. ఈ వృత్తిలో నాకు అన్నింటికంటే నచ్చిన విషయం కూడా అదే.

ఉద్యోగంలో స్థాయిని నిర్ణయించేది ఈ పరీక్షే. గేట్లు, గ్రిల్స్ షాపులో చేరినవాడు ఏళ్ల తరబడి రోజుకూలి దగ్గరే ఆగిపోవచ్చు. అదే బ్యాచ్‌లో చదివి ఆర్గాన్‌తో రూట్, రాడ్‌తో ఫిల్లింగ్ చేయగలిగి 6జీ పాసైనవాణ్ని కాంట్రాక్టర్లు వెతుక్కుంటూ వస్తారు. హైదరాబాద్‌లో అటువంటి పనికి కొరత లేదు. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, కంచన్‌బాగ్‌లో బీడీఎల్, మిధాని వంటి ప్రభుత్వ సంస్థలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న పరిశ్రమలు ఎన్నో ఉన్నాయి. మందుల కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్లు, ట్యాంకులు, పైపులైన్లు తయారుచేసే షెడ్లకైతే మంచి ఆర్గాన్ వెల్డర్ ఎప్పుడూ కావాలి. బాయిలర్ పనికి భారత బాయిలర్ నిబంధనల (ఐబీఆర్) ప్రకారం పరీక్ష పాసైన వెల్డరే ఉండాలి. అనుభవం వచ్చాక సూపర్‌వైజర్‌గా గానీ, వెల్డ్ తనిఖీ కోర్సులు చేసి ఇన్‌స్పెక్షన్ వైపు గానీ, శిక్షకుల కోర్సు సీఐటీఎస్ పూర్తిచేసి ఐటీఐ శిక్షకుడిగా గానీ వెళ్లే దారులున్నాయి.

ఇక్కడే అమెరికా కమ్యూనిటీ కాలేజీల పద్ధతి ప్రస్తావించదగినది. అక్కడ వెల్డింగ్ కోర్సుల్లో స్కూలు ముగించిన పిల్లలతోపాటు పగలు వేరే పని చేసుకునే నడివయసువారు కూడా చేరతారు; చాలా కాలేజీల్లో సాయంత్రం తరగతులుంటాయి, అమెరికన్ వెల్డింగ్ సొసైటీ పరీక్షను కాలేజీ వర్క్‌షాపులోనే రాయించే చోట్లూ ఉన్నాయి. అక్కడి జీతాలను రూపాయల్లోకి మార్చి మురిసిపోవడం నా ఉద్దేశం కాదు. వెల్డర్ ఉద్యోగాల సంఖ్య నెమ్మదిగానే పెరుగుతుందనీ, ఖాళీలు ఎక్కువగా పాతవారు తప్పుకోవడం వల్లే వస్తాయనీ ఆ దేశపు కార్మిక గణాంకాల సంస్థే చెబుతోంది. మనం తీసుకోవలసింది ఆ తలుపులు తెరిచి ఉంచే పద్ధతిని. అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం (ఏఎస్‌ఎంఈ) నియమావళి తొమ్మిదో విభాగం ప్రకారం ఆరు నెలలపాటు ఒక పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే ఆ పద్ధతిలోని అర్హత రద్దవుతుంది. జబ్బు చేసో, పని దొరకకో ఆరు నెలలు ఇంట్లో ఉన్న మన వెల్డర్ మళ్లీ చేయి సాధన చేసుకోవడానికి ఈ నగరంలో ఎక్కడికి వెళ్లాలి? సాయంత్రమయ్యేసరికి ఐటీఐ వర్క్‌షాపులకు తాళాలు పడతాయి.

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. ఎనిమిదితో ఐటీఐలో చేరవచ్చు గాని, పది పాసుకానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ తరగతిలోకి వస్తుంది, అంటే గల్ఫ్ దేశాల్లో ఉద్యోగానికి ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. అందువల్ల ఓపెన్ స్కూల్‌లోనైనా పది పూర్తిచేయడం మేలు. రిజిస్టరైన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదన్నది నిబంధన. లక్షలు అడిగేవాడి దగ్గరికి వెళ్లేముందు రాష్ట్ర ప్రభుత్వానికే చెందిన విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్‌లో విచారించుకోవాలి.

ఆరోగ్యం సంగతి ఎవరూ ముందు చెప్పరు. వెల్డింగ్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించి క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో చేర్చింది. నల్ల అద్దం కళ్లను కాపాడుతుంది, ఊపిరితిత్తులను కాదు. పొగను లాగేసే ఏర్పాటు శిక్షణశాలలోనే లేకపోతే, రేపు కంపెనీలో దాన్ని అడగాలన్న ఆలోచన కుర్రాడికి ఎలా వస్తుంది?

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. రోబోలు, ఆటోమేషన్ రావడం సంతోషమే. ఒకే రకం జాయింటు వేలసార్లు చేయవలసిన చోట రోబోకు సాటి లేదు. సైట్‌లో రెండు పైపుల నడుమ ఇరుక్కుని చేసే జాయింటుకు మాత్రం ఇప్పటికీ మనిషే దిక్కు. పైగా కరిగిన లోహం ఎలా ప్రవర్తిస్తుందో తెలియనివాడు రోబోకు మాత్రం ఏం నేర్పుతాడు? ఈ ప్రాజెక్టుకు కేటాయించిన 2,324 కోట్ల ముందు కూపన్ల ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

కాబట్టి ఉపాధి, శిక్షణ శాఖకు నా విన్నపం ఇది. వెల్డర్ ట్రేడ్ చివరి నెలల్లో ప్రతి విద్యార్థికీ కనీసం 3జీ ప్లేటు టెస్ట్, ఇష్టపడి సాధన చేసినవారికి 6జీ టెస్ట్ ప్రభుత్వ ఖర్చుతో, బయటి ఇన్‌స్పెక్టర్ సమక్షంలో పెట్టాలి. హైదరాబాద్‌లో బాలానగర్ వైపు ఒకటి, పటాన్‌చెరు వైపు ఒకటి చొప్పున రెండు చోట్లయినా వర్క్‌షాపులను సాయంత్రాలు తెరిచి, పనిచేసుకునే వెల్డర్లకు నామమాత్రపు రుసుముతో సాధనకు, తిరిగి పరీక్షకు అవకాశమివ్వాలి. వచ్చే ప్రవేశాల ప్రకటనలో ఒక్కో ఐటీఐలో ఎన్ని సీట్లున్నాయో చెప్పే వరుస పక్కనే, కిందటేడు ఎందరు ఏ పొజిషన్‌లో పాసయ్యారో కూడా అచ్చువేయాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్,
బాలానగర్, హైదరాబాద్