2024-25 వార్షిక నివేదిక
(సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సమర్పించినది)

మధురైలోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారాలు.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఉగాది పంచాంగ శ్రవణం, ఆదివారం తెలుగు తరగతులు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. ఉగాదికి అద్దె తీసుకోకుండా మండపం ఇచ్చిన యజమానికి, పచ్చడి నుంచి పులిహోర దాకా ఇంటి దగ్గర చేసి తెచ్చిన మహిళా విభాగానికి, సెలవు రోజు మానుకుని తరగతులు నడిపిన ఉపాధ్యాయినులకు, బహుమతులిచ్చిన దాతలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనందరం గర్వపడాల్సిన కార్యక్రమం తిరుమల నాయకుని మహల్ సందర్శన. ఆ వీధిలో రోజూ తిరిగే మన పిల్లల్లో చాలామంది లోపలికి అడుగుపెట్టింది అప్పుడే. 1636లో కట్టిన ఈ రాజభవనంలో మధురైని ఏలిన తెలుగు ప్రభువు తిరుమల నాయకుడు కొలువు తీర్చాడని వాళ్లకు తెలుగులోనే చెప్పగలిగాం. నలుగురు పిల్లలు చేతులు కలిపితేగానీ చుట్టలేని స్తంభాల మధ్య నిలబడి, ఇప్పుడు కనిపిస్తున్నది అప్పటి కట్టడంలో నాలుగో వంతేనంటే వాళ్లు నమ్మలేదు. అందుకే బయటికి తీసుకెళ్లి, ఇళ్ల నడుమ ఒంటరిగా మిగిలిన పది స్తంభాలను, నౌబత్ ఖానా (నగారాలు మోగించే చోటు) పేరుతో ఉన్న వీధిని చూపించాం. అవన్నీ ఒకప్పుడు రాజభవనం ఆవరణే.

మిగతాది కూల్చింది శత్రువులు కాదు. తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథ నాయకుడు రాజధానిని తిరుచ్చికి మార్చుతూ ఇక్కడి రాళ్లు, చెక్కడాలు ఊడదీయించి తీసుకెళ్లాడు. రాజు వెళ్లిపోయాక ఇల్లు ఎవరికీ అక్కర్లేకపోయింది, శిథిలమైంది. 1866-72 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు మరమ్మతులు చేయించడం వల్లే ఈ మాత్రమైనా దక్కింది. కొలువు జరిగిన చోటే జిల్లా కోర్టు నడిచింది. 1970 దాకా కక్షిదారులు ఆ మెట్లెక్కారు. జూనియర్‌గా అక్కడ వాదించిన మన పెద్ద వకీలు గారు, గుమాస్తాలు ఎక్కడ కూర్చునేవారో, పిలుపు కోసం జనం ఎక్కడ కాచుకునేవారో చూపిస్తుంటే పిల్లలు స్తంభాలను మరిచిపోయి ఆయన వెంటపడ్డారు. నా మటుకు నాకు ఆ రోజు అదే అన్నిటికన్నా విలువైన పాఠం. కోర్టు నడవబట్టే పైకప్పు నిలిచింది. ఇప్పుడది రాష్ట్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న స్మారకం. సాయంత్రం పూట ధ్వని-కాంతి ప్రదర్శన ఉంటుంది, ఒకప్పుడు సినిమా షూటింగులు కూడా జరిగాయి. వకీలు గారికి సంఘం తరఫున ప్రత్యేక ధన్యవాదాలు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. పిల్లలను చూసుకోవడానికి పేర్లిచ్చిన కార్యకర్తల్లో సగం మంది ఆ ఉదయం ఫోను కూడా ఎత్తలేదు. ఎండలో నీళ్ల సీసాలు మోసింది, తప్పిపోకుండా చేతులు పట్టుకుని నడిపించింది కాలేజీ చదువుతున్న మన అమ్మాయిలే. రాలేకపోతే ముందురోజు ఒక్క మాట చెప్పండి, వేరే ఏర్పాటు చేసుకుంటాం. ఇక మహల్ దగ్గర తెలుగులో ఒక సమాచార ఫలకం పెట్టించమని సంబంధిత కార్యాలయానికి ఇచ్చిన అర్జీకి రసీదు వచ్చింది, జవాబు రాలేదు. వెళ్లి అడిగితే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పంపారు. ఖర్చు సంఘమే భరిస్తుందన్నా కదలిక లేదు.

ఆదాయ వ్యయాల పట్టిక మీ చేతుల్లో ఉంది, ఆడిటరు సంతకం అయింది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి. చందా బాకీలున్నవారు దయచేసి ఈరోజే కట్టండి.

ఫలకం కోసం ఈసారి సభ్యులందరి సంతకాలతో అర్జీ మళ్లీ ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. కాగితం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. భోజనానికి లేవకముందే అందరూ సంతకం చేయండి.

కార్యదర్శి